విల్సన్, రైట్, ఆ తర్వాత...

హాజరు పట్టీ ఇంటిపేర్ల వరసలో ఉంటుంది. ఆండర్సన్, బేకర్, కార్టర్ అంటూ పిలుపు గలగలా సాగిపోతూ ఉంటుంది. విల్సన్ అయింది. రైట్ అయింది, అదీ డబ్ల్యూతోనే రాసే పేరు. అక్కడ ఆగుతుంది. టీచరు కళ్ళద్దాలు సర్దుకుని, కాగితం కాస్త దగ్గరికి తెచ్చుకుని, "దీన్ని నేను ఖూనీ చేసేస్తానేమో, ముందే సారీ" అంటుంది. క్లాసంతా నవ్వుతుంది. యార్లగడ్డ వారి పిల్ల అప్పటికే చెయ్యెత్తి "హియర్" అనేసి ఉంటుంది.

ఎనభైల్లో, తొంభైల్లో అమెరికాలో బడికెళ్ళిన తెలుగు పిల్లల్లో ఎవర్ని కదిపినా ఈ దృశ్యం బయటికొస్తుంది. క్లాసు టీచరుతో తంటా మొదటి వారమే. ఆవిడ సెలవు పెట్టి, బదులుగా వేరే టీచరు వచ్చిన రోజే అసలు గండం. అందుకే పట్టీలో తన ముందు పేరు ఎవరిదో ప్రతి పిల్లకీ కంఠతా వచ్చి ఉండేది. రైట్ అనగానే చెయ్యెత్తాలి, లేకపోతే ఖూనీ జరుగుతుంది. పాపం అడుసుమిల్లి వాళ్ళకి ఆ వెసులుబాటు కూడా లేదు, పట్టీ మొదలయ్యేదే వాళ్ళతో.

ఇంటికొచ్చి చెబితే పెద్దవాళ్ళు "పోనీలే, వాళ్ళకి నోరు తిరగదు" అనేవారు. రేసిజం అన్న మాట ఆ తరం ఇళ్ళల్లో పెద్దగా వినపడేది కాదు. దెబ్బ తగిలితేనో, కిటికీ అద్దం పగిలితేనో తప్ప దానికా పేరు పెట్టేవారు కాదు. నోరు తిరగకపోవడం అనేదాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. అందులో కొంత నిజంగా నాలుకదే, కొంత మన స్పెల్లింగుది. మిగిలింది మాత్రం ఆ రెంటిదీ కాదు.

ముందు కాగితాల సంగతి. 1965లో వలస చట్టం మారాక డాక్టర్లు, ఇంజనీర్లు వరసగా వెళ్ళారు. తెలుగువాడి పేరులో ఇంటిపేరు ముందుంటుంది, పిలిచే పేరు చివరన. మధ్యలో తాత పేరు, ఇలవేల్పు పేరు, మొక్కుబడి పేరు. కొత్తపల్లి వెంకట సత్య రామారావు అంటే ఇంట్లో రాముడు, ఊళ్ళో రామారావు, స్కూల్లో కె.వి.ఎస్. రామారావు. అమెరికా దరఖాస్తులో గళ్ళు మూడే: మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు. చివరి గడిలో కొత్తపల్లి పడింది, మొదటి గడిలో వెంకట. ఆఫీసులో అందరూ ఆయన్ని "వెంకటా" అనడం మొదలుపెట్టారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఎవరూ అలా పిలిచి ఎరగరు. ఐటీ రోజులొచ్చేసరికి ఒకే టీములో నలుగురు వెంకటలు, ముగ్గురు సాయిలు, ఇద్దరు నాగలు తేలారు. ఈమెయిల్ అడ్రసుల్లో వెంకట1, వెంకట2. మేనేజరు దృష్టిలో వాళ్ళంతా ఒకే మనిషికి తీసిన కాపీలు.

ఇంకో రకం వాళ్ళున్నారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, పేరంతా ఒకే గడిలో రాయించుకున్నవాళ్ళు. అమెరికా వీసా పద్ధతిలో ఇంటిపేరు లేకుండా కుదరదు. కాబట్టి ఆ పేరంతా తీసుకెళ్ళి ఇంటిపేరు గడిలో పడేసి, మొదటి పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని కొడతారు. "మొదటి పేరు తెలియదు" అన్నదానికి పొడి అక్షరాలవి. అదే డ్రైవింగ్ లైసెన్సుకి పాకుతుంది, బ్యాంకు కార్డుకి పాకుతుంది. కార్డు చూసిన కొట్టువాడు "థాంక్యూ, మిస్టర్ ఫ్నూ" అంటాడు. అసలు పేరే ఫ్నూ అనుకున్న సహోద్యోగులు చాలామంది ఉన్నారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, ఒక గడి ఖాళీగా ఉండిపోయిన ఫలితం అంతే. తేడా ఏమిటంటే దీన్ని దిద్దుకునే భారమంతా పేరున్నవాడిదే.

దిద్దుకోవడానికి ఒక వరస ఉంది, ఆ వరస తప్పితే చేసిన పని మళ్ళీ చెయ్యాలి. మొదట పాస్‌పోర్టు. ఇంటిపేరూ పేరూ విడదీసి కొత్త పుస్తకం తీసుకోవాలి. వీసా, వలస కాగితాలు దాన్ని చూసి మారతాయి. ఆ తర్వాత సోషల్ సెక్యూరిటీ కార్డు. దాని ఫారం పేరు ఎస్ఎస్-5, రుసుము లేదు. అది అయ్యాకే లైసెన్సు, ఎందుకంటే లైసెన్సు ఆఫీసువాళ్ళు సోషల్ సెక్యూరిటీ రికార్డుతో సరిపోల్చి చూస్తారు. బ్యాంకు, జీతం, ఇన్సూరెన్సు ఆఖరున. తొందరపడి ముందు లైసెన్సుకి వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగి రావలసిందే. పౌరసత్వం దాకా ఆగగలిగితే ఇంకో దారి ఉంది. ఎన్-400 దరఖాస్తులోనే పేరు మార్పు అడగొచ్చు, విడిగా ఫీజు అక్కర్లేదు. కాకపోతే జడ్జి ముందు ప్రమాణం చేసే కార్యక్రమానికే వెళ్ళాలి, దాంతో తేదీ కొంచెం వెనక్కి జరగొచ్చు. చాలామంది వెంకటలు అక్కడే రామారావులయ్యారు. కొందరు మాత్రం అక్కడే రామ్ అయ్యారు, రే కూడా అయ్యారు. ఎవరిష్టం వారిది.

ఇక నాలుక సంగతి. మనం ఇంగ్లిషులో పేరు రాసుకునే తీరు మనకోసం పుట్టింది, వాళ్ళకోసం కాదు. అకారానికీ ఆకారానికీ ఒకే "ఏ" పెడతాం, దాంతో రమ రామా అవుతుంది. తకారానికి "టీ హెచ్" పెట్టడం మన దక్షిణాది అలవాటు. స్వాతి, సుజాత, కార్తీక్, లత అన్నింటిలోనూ అదే. అమెరికా కళ్ళకి "టీ హెచ్" అంటే నాలుక పళ్ళ మధ్య పెట్టి పలికే శబ్దం. స్వాతి "స్వాథీ" అయిపోయి పళ్ళ సందుల్లోంచి గాలి పోతుంది. ఫణి అని పేరు పెట్టుకుని, "పీ హెచ్"తో రాసుకుని అమెరికా వెళ్ళినవాడి కష్టం పగవాడికి కూడా వద్దు. ఆ అక్షరాలు వాళ్ళు చదివితే పిరుదులకి వాళ్ళు వాడే మాటలా వినిపిస్తుంది. హర్షిత్ చివర అదనంగా ఒక "హెచ్" ఎందుకు చేరిందో కూడా ఈ దారిలోనే అర్థమవుతుంది, వివరించక్కర్లేదు.

దీనికి తోడు ఇంగ్లిషుకి ఊనిక పిచ్చి. మాటలో ఒక అక్షరం మీద బరువంతా వేసి మిగతావాటిని మింగేస్తారు. మన మాటల్లో అన్ని అక్షరాలూ ఇంచుమించు సమానంగా నడుస్తాయి, పొడుగూ పొట్టీ తేడా ఒక్కటే. శ్రీనివాస్ అన్నప్పుడు "శ్రీ"కీ "వా"కీ దీర్ఘం, "ని" పొట్టి. వాళ్ళు ఆ పొట్టిదాని మీద ఎక్కి కూర్చుని "శ్రినీవస్" అంటారు. వినగానే ఎక్కడో ఏదో విరిగినట్టుంటుంది. నలభై ఏళ్ళుగా ఆ విరుపుకి అలవాటుపడి, ఇప్పుడు ఫోనులో తామే "దిసీజ్ శ్రినీవస్" అంటున్న పెద్దమనుషులు న్యూజెర్సీలో బోలెడంతమంది. అలా కుదించుకోవడం మొదలైంది: శ్రీని, వాస్, వెంకీ, సుబ్బు, కృష్ణకి క్రిస్, హరికి హ్యారీ. లూసియానాకి గవర్నరైన జిందాల్ పీయూష్‌గా పుట్టి, చిన్నప్పుడు టీవీ సీరియల్లో నచ్చిన పిల్లాడి పేరు తీసుకుని బాబీ అయ్యాడు. ఆయన ఒక్కడే కాదు, ప్రతి ఊళ్ళోనూ ఒక బాబీ ఉన్నాడు.

పేరు వల్ల నవ్వులపాలవడం ఒక ఎత్తు, పేరు వల్ల ఇల్లు దొరికిపోవడం ఇంకో ఎత్తు. 1987లో న్యూజెర్సీలో, జెర్సీ సిటీలో "డాట్‌బస్టర్స్" అని చెప్పుకున్న ఒక ముఠా అక్కడి పత్రికకి ఉత్తరం రాసింది. డాట్ అంటే బొట్టు. భారతీయుల్ని ఊరినించి తరిమేస్తామని, అందుకు ఎంతదాకానైనా వెళతామని అందులో ఉంది. దాడి చెయ్యడానికి ఇళ్ళు ఎలా వెతుకుతారో కూడా రాశారు: ఫోన్ బుక్ తీసి, పటేల్ అన్న పేరు చూస్తారట. ఆ రోజుల్లో ఫోను పెట్టించుకుంటే పేరు, అడ్రసు, నెంబరు డైరెక్టరీలో అచ్చయ్యేవి. కొత్త ఊళ్ళో దిగిన మనవాళ్ళు మోటెల్ గదిలో కూర్చుని మొదట చేసే పని అదే పుస్తకం తిరగేసి రావు, రెడ్డి, శర్మ, పటేల్ అని వెతకడం. దొరికిన నెంబరుకి ఫోన్ చేసి "నమస్కారమండీ, మీరు తెలుగువారేనా?" అని అడగడం. భోజనానికి రమ్మనని ఇల్లు ఉండేది కాదు. ఆ పుస్తకంలో అదే పేజీని వేలితో వెతుకుతూ ఇంకొకడు బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని ఉన్నాడని 1987లో తెలిసింది. ఆ సెప్టెంబరులో పక్కనే ఉన్న హొబోకెన్‌లో నవ్రోజ్ మోదీ అనే 30 ఏళ్ళ ఉద్యోగిని కొట్టి చంపారు. ఆయన పార్సీ. ఫోన్ కంపెనీకి నెలనెలా కొంత కట్టి పేరు అచ్చులో లేకుండా చేయించుకున్న కుటుంబాలు, బజారుకెళ్ళేటప్పుడు బొట్టు చెరిపేసుకుని గుడి మెట్ల దగ్గర మళ్ళీ పెట్టుకున్న ఆడవాళ్ళు ఆ కాలం మనుషులు. ద్వేష నేరాలకి శిక్ష పెంచుతూ న్యూజెర్సీ 1990లో చట్టం చేసింది.

అదే 1990లో టీవీలోకి అపు వచ్చాడు.

సింప్సన్స్ కార్టూనులో కిరాణా కొట్టు యజమాని. అపు అన్న పేరు సత్యజిత్ రాయ్ సినిమాల్లోంచి తీసుకున్నది, అంతవరకు గౌరవంగానే ఉంది. ఇంటిపేరు దగ్గరికొచ్చేసరికి నహసపీమపెటిలాన్ అని పెట్టారు. ఎనిమిది అక్షరాలు. బెంగాలు నుంచి కేరళ దాకా ఏ ఊళ్ళోనూ లేని ఇంటిపేరు. దాని పనే పొడుగ్గా ఉండడం, పలకబోయి జనం నవ్వుకోవడం. గొంతు ఇచ్చింది హ్యాంక్ అజేరియా అనే తెల్ల నటుడు. "థాంక్యూ, కమ్ అగైన్" అన్న మూడు మాటలు బడి బస్సుల్లో, ఫలహారశాలల్లో మన పిల్లల వెనక దాదాపు ముప్ఫయ్యేళ్ళు తిరిగాయి. అప్పట్లో అమెరికా టీవీలో వారం వారం కనబడే భారతీయుడు దాదాపు ఆ ఒక్కడే, అసలు పీకులాట అక్కడుంది. పదిమంది ఉంటే వాడు పదింటిలో ఒకడయ్యేవాడు. ఒక్కడే కాబట్టి గోదావరి జిల్లా పిల్లాడైనా గుజరాతీ పిల్లాడైనా వాడి మేనల్లుడే అయ్యాడు.

న్యాయంగా చెప్పాలంటే అపు చెడ్డ పాత్ర కాదు. చదువుకున్నవాడు, పనిమంతుడు, తెలివైనవాడు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చాలామంది ఆ కార్టూను చూసి కడుపుబ్బ నవ్వారు. పిల్లలకే నవ్వు రాలేదు, ఎందుకంటే మర్నాడు బస్సెక్కాల్సింది వాళ్ళు. 2017లో దాని మీద గంటలోపు డాక్యుమెంటరీ తీసి దేశమంతా చర్చ పెట్టింది న్యూయార్కులో పుట్టిన తెలుగు కుర్రాడు, హాస్య కళాకారుడు హరి కొండబోలు. "కొండబోలు" లాంటి ఇంటిపేరుతో అక్కడ వేదికెక్కినవాడికి ఆ నహసపీమ గోల ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా. మరుసటి ఏడు ఏప్రిల్లో ఆ కార్టూను, ఒకప్పుడు తప్పుగా అనిపించనిది ఇప్పుడు తప్పయిందట, ఏం చెయ్యగలం అన్న ధోరణిలో ఒక ముక్క పెట్టి ఊరుకుంది. అజేరియా మాత్రం విన్నాడు. 2020లో ఆ గొంతు మానేశాడు, మరుసటి ఏడు బాహాటంగా క్షమాపణ చెప్పాడు. హరిని తిట్టినవాళ్ళు మనలోనూ తక్కువేం లేరు, "ఉన్న ఒక్కడినీ తీసేయించాడు" అని.

మన నటులు వేషాల కోసం తిరిగిన రోజుల తీరు ఇంకా వివరంగా తెలుసు, కల్ పెన్ పుణ్యమా అని. ఆయన అసలు పేరు కల్పేన్ మోదీ. ఫొటో వెనక పేరు రెండు ముక్కలు చేసి ఇంగ్లిషు వాసన తగిలించాక ఆడిషన్లకి పిలుపులు యాభై శాతం దాకా పెరిగాయని ఆయనే చెప్పారు. 2017లో తన తొలినాళ్ళ ఆడిషన్ కాగితాలు ఫొటోలు తీసి అందరి ముందూ పెట్టారు. గాంధీలా కనిపించేవాడు, పాములవాడు, యాసతో మాట్లాడేవాడు. యాస లేకుండా చెబుతానంటే ఒప్పుకునేవారు కాదట. ఇది నటుల లోకపు వింత అనుకోనక్కర్లేదు. 2004లో అచ్చయిన ఒక పరిశోధనలో బాస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకి సుమారు 5,000 దొంగ బయోడేటాలు పంపారు. అర్హతలు సమానం, పేర్లే వేరు. తెల్లవాళ్ళ పేరుంటే సగటున పది పంపితే ఒక పిలుపు, నల్లవాళ్ళ పేరుంటే పదిహేను పంపాలి. కెనడాలో టొరంటో చుట్టుపక్కల చైనా, భారత, పాకిస్తానీ పేర్లతో ఇలాగే చేస్తే ఇంగ్లిషు పేర్లకి మూడో వంతుకు పైగా ఎక్కువ పిలుపులొచ్చాయి. బయోడేటాలో వెంకట తీసేసి విన్నీ అని రాసుకున్నవాడు సిగ్గులేనివాడు కాదు, లెక్క తెలిసినవాడు.

ఈ పేర్ల మార్పిడి సముద్రం దాటినవాళ్ళకే పరిమితం కాలేదు. 2000 దాటిన కొత్తల్లో హైదరాబాద్ కాల్ సెంటర్లలో రాత్రి ఎనిమిదికి క్యాబెక్కిన శైలజ తొమ్మిదికి షెల్లీ అయ్యేది. యాస తుడిచేయడానికి శిక్షణ ఇచ్చేవారు. వీసా లేకుండా, విమానం ఎక్కకుండా, తెల్లవార్లూ అమెరికా తిట్లు తిన్న తరం అది. నీ అసలు పేరేంటో చెప్పు అని ఫోనులో నిలదీసేవాళ్ళు కూడా ఉండేవారు.

అమెరికాలో ఏటా జరిగే స్పెల్లింగ్ బీ చూడండి. 1985లో బాలు నటరాజన్ గెలిచిన దగ్గర్నుంచి మన పిల్లల జోరు మొదలైంది. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2018లో కార్తీక్ నెమ్మాని. 2019లో ఎనిమిదిమంది కలిసి గెలిస్తే ఏడుగురు భారతీయ మూలాలవాళ్ళే. ఆ పోటీలో పిల్లకి కొన్ని ప్రశ్నలు అడిగే హక్కుంది: ఈ మాటకి అర్థమేమిటి, ఏ భాషనించి వచ్చింది, ఇంకో ఉచ్చారణ ఉందా, వాక్యంలో పెట్టి చెప్పండి. స్నిగ్ధకి చివర వచ్చింది ఫ్రెంచి మాట, పొంచి ఉండి మీద పడడం అని దాని అర్థం. తప్పు లేకుండా చెప్పేసింది. ఊరూ పేరూ లేని మాటకి అంత మర్యాద, వేదిక కింద అలాంటి పిల్లల పేర్లకి మాత్రం "కుదిస్తే చాలదా?" అని బేరం. ఏ భాష, అర్థమేంటి, ఎలా పలకాలి అని ఆ మూడు ప్రశ్నలు హాజరు పట్టీ ముందు నిలబడి అడిగిన టీచర్లు లేకపోలేదు. వాళ్ళ పేర్లు పిల్లలకి యాభై ఏళ్ళొచ్చినా గుర్తుంటాయి.

వేదిక పెద్దదైనకొద్దీ దెబ్బా పెద్దదే. 2013 సెప్టెంబరులో నీనా దావులూరి మిస్ అమెరికా అయ్యింది. సిరక్యూస్‌లో పుట్టిన పిల్ల, తెలుగు కుటుంబం. కిరీటం పెట్టిన కాసేపటికే ట్విట్టర్ నిండా తిట్లు. అరబ్బు అన్నారు, టెర్రరిస్టు అన్నారు, మిస్ సెవెన్ ఎలెవెన్ అన్నారు. ఆ చివరిది అక్కడి కిరాణా కొట్ల పేరు, అందులో అపు కొట్టు ఎంత తిన్నగా కనబడుతోందో చూడండి. ఇక్కడ మనం కూడా కాస్త తల దించుకోవాలి. ఈ అమ్మాయి ఇండియాలో అయితే ఈ ఛాయకి ఏ పోటీలోనూ గెలవదు అని మన పత్రికలే అప్పుడు రాశాయి, అందులో అబద్ధం లేదు. పెళ్ళి ప్రకటనల్లో చామనఛాయ అన్న మాటని తప్పు ఒప్పుకున్నట్టు రాసేవాళ్ళం మనం. డెట్రాయిట్‌లోనో, డాలస్‌లోనో నల్లవాళ్ళుండే పేటలో ఇల్లు కొనొద్దని బంధువులకి గొంతు తగ్గించి చెప్పేదీ మనమే.

రాజకీయాల్లో పేరు విరవడం నాలుక పొరపాటు కాదని రెండుసార్లు రుజువైంది. 2006 ఆగస్టులో వర్జీనియా సెనేటరు జార్జ్ అలెన్ సభలో ప్రత్యర్థి తరఫున వీడియో తీస్తున్న 20 ఏళ్ళ సిద్ధార్థని చూపించి "మకాకా" అన్నాడు, అదొక కోతి జాతి పేరు. పైగా "వెల్‌కమ్ టు అమెరికా" అన్నాడు. కుర్రాడు వర్జీనియాలోనే పుట్టి పెరిగాడు. కెమెరా వాడి చేతిలోనే ఉంది, దృశ్యం దేశమంతా చూసింది. అలెన్ పదివేల లోపు ఓట్లతో ఓడిపోయాడు. 2020 అక్టోబరులో జార్జియాలో డేవిడ్ పెర్డ్యూ కమలా హ్యారిస్ పేరుని "కమలా-మలా-మలా, ఏదో ఒకటి" అని సాగదీశాడు. సెనేట్‌లో ఆవిడతో మూడేళ్ళకి పైగా కూర్చున్న మనిషి. మర్నాటినించి వేలమంది "నా పేరు ఇది, దాని అర్థం ఇది" అని రాసుకొచ్చారు.

తర్వాతి రెండు పేర్లు నవ్వుకోవడానికి ఏమీ లేనివి. శ్రీనివాస్ కూచిభొట్ల, 2017 ఫిబ్రవరి 22, కాన్సాస్ రాష్ట్రంలో ఓలేత్. స్నేహితుడు అలోక్ మాదసానితో కూర్చుని ఉండగా ఒకడు వచ్చి వీసా ఏమిటని దబాయించాడు, నా దేశంలోంచి పొండి అని కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు. వాళ్ళని ఇరానీయులనుకున్నాడు. అడ్డం వెళ్ళిన ఇయాన్ గ్రిలట్ అనే తెల్ల కుర్రాడికి కూడా తూటా తగిలింది, బతికాడు. ఆ వారం అమెరికా టీవీల్లో యాంకర్లు కూచిభొట్ల అన్న మాట దగ్గర ఆగి, తడుముకుని, మళ్ళీ మొదలుపెట్టి చదివారు. ఆ తడబాటులో వేళాకోళం లేదు, తెలిసింది.

జాహ్నవి కందుల, 2023 జనవరి 23, సియాటిల్. 23 ఏళ్ళు, ఎమ్మెస్ చదువుతోంది. రోడ్డు దాటుతుంటే గంటకి 25 మైళ్ళు దాటకూడని చోట 74 మైళ్ళ వేగంతో వచ్చిన పోలీసు కారు కొట్టి చనిపోయింది. ఇంకో పోలీసు ఫోనులో నవ్వుతూ మాట్లాడింది ఒంటి మీది కెమెరాలో రికార్డయ్యి సెప్టెంబరులో బయటపడింది. పదకొండు వేల డాలర్లకి చెక్కు రాస్తే సరి, 26 ఏళ్ళే కదా, విలువ తక్కువే అన్నాడు. పేరెత్తలేదు, వయసు కూడా తప్పు. మరుసటి ఏడాది అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆ జనవరిలోనే ఆర్ఆర్ఆర్ సినిమాలోని మన "నాటు నాటు" పాటకి గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్. "నాటు"లో రెండు "ఏ"లు పెట్టి రాసినవాడెవడో గానీ వాడికి దండం పెట్టాలి. ఆ ఒక్క అదనపు అక్షరం వల్ల ప్రపంచమంతా దీర్ఘం తీసింది. సినిమా ఏ భాషదో మాత్రం నోటికి పట్టలేదు. నెట్‌ఫ్లిక్స్‌లో వాళ్ళకి దొరికింది హిందీ డబ్బింగు, అందులో ఆ పాట "నాచో నాచో". కాబట్టి చాలామంది అమెరికా ప్రేక్షకులు తెలుగు పాటని హిందీలో ప్రేమించి తెలుగులో బహుమతి ఇచ్చారు. ఇది బాలీవుడ్ కాదు, తెలుగు సినిమా అని రాజమౌళి అక్కడి వేదిక మీదే చెప్పారు. అయినా ఆస్కార్ వేదిక మీద బాలీవుడ్ అనే అన్నారు. పాట పాడింది మనవాళ్ళే, ముందు నిలబడి నాట్యం చేసినవాళ్ళలో మాత్రం దక్షిణాసియావాళ్ళు లేరని గొడవైంది. సంబరపడాలో కోపగించుకోవాలో తెలియక ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులు రెండూ చేశాయి.

ఇప్పటి తల్లిదండ్రులు తెలివిమీరారు. ఆర్య, నీల్, మాయ, రియా, జై అని రెండు వైపులా చెల్లే పేర్లు పెడుతున్నారు. తప్పనను గానీ వెంకట సత్య లాంటి బరువులు మోసే పేర్లు ఒక తరంలో మాయమవుతుంటే కాస్త చివుక్కుమంటుంది.

పొడుగు పేరే ఉంచుకున్నవాళ్ళకి పనికొచ్చే కిటుకు ఒకటి స్థిరపడింది. అక్కడి కాలేజీల్లో పట్టా ఇచ్చే రోజున వేదిక ఎక్కేముందు ఒక కార్డు ఇస్తారు, పేరు ఎలా పలకాలో రాయడానికి. కొన్నిచోట్ల ఇప్పుడు గొంతు రికార్డు చేసి పంపమంటున్నారు. లింక్డిన్‌లో కూడా 2020 నుంచి పది సెకన్ల రికార్డింగు పెట్టుకోవచ్చు. కార్డు మీద గీతలు, చుక్కలు, దీర్ఘానికి గుర్తులు పెడితే ఎవరికీ అర్థం కావు. ఇంగ్లిషు అక్షరాలు రెట్టిస్తే ఇంకా గందరగోళం. వాళ్ళకి తెలిసిన మాటలే ముక్కలుగా ఇవ్వాలి. రమ అంటే తాగే "రమ్"కి చివర చిన్న "అ". బరువు పడాల్సిన ముక్క పెద్దక్షరాల్లో రాయాలి, ఒక్కటే, రెండు రాస్తే అరుస్తారు. పోరాడాల్సినవి మూడే: అక్షరాల లెక్క, దీర్ఘం ఎక్కడ, బరువు ఎక్కడ. ళ, ణ, ఒత్తులు వదిలేయాలి. తకారం కూడా వాళ్ళ టకారంతో సరిపెట్టుకోవాలి, వచ్చినంతే చాలు. కార్డు ఇచ్చేటప్పుడు చదివే ఆయన ముందు ఒకసారి పైకి అనాలి, ఆయనతో ఒకసారి అనిపించాలి. వెనక వరస ఎంత పొడుగున్నా సరే.

యార్లగడ్డ అయితే "యార్డ్"లో డ్ తీసేస్తే మిగిలేది, తర్వాత "లా" పొట్టిగా, ఆపైన "మడ్"కి ప్రాసగా "గడ్", చివర "డా" తేలిగ్గా. పెద్దక్షరాలు "గడ్"కి. రైట్ అయ్యాక కార్డు చేతికెళుతుంది, ఆయన ఒకసారి కిందికి చూస్తాడు, మైకులోకి చదువుతాడు.